సున్నా పెట్టిన గొంతు

...అయినా సున్నా అన్నది ఎక్కడో ఒకచోట పెట్టాల్సిందే కదా. సముద్రమట్టం అంటారు, సముద్రం ఏనాడైనా మట్టంగా ఉందా? నీళ్ళు గడ్డకట్టే చోట సున్నా అన్నారు, అక్కడ వేడి బొత్తిగా లేదనా? ఎవరో ఒకరు, ఒకానొక పొద్దున, తన ముందున్నదాన్ని వేలుతో చూపించి, ఇక్కణ్ణుంచి లెక్క అంటారు. లోకం సరే అంటుంది. ఆ గీత గీసిన మనిషి ఆ పొద్దున ఎలా ఉందో, రాత్రి నిద్రపోయిందో లేదో ఎవరూ అడగరు.

మెట్రో రైలు ముషీరాబాద్ దాటింది. పద్మాక్షి నిలబడే ఉంది. సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడటం ఆమె అలవాటు. ఎడమచేతి రెండు వేళ్ళు ఎప్పుడు వెళ్ళాయో గొంతు మీదికి వెళ్ళాయి. ఎదురుగా కూర్చున్న ఒకావిడ ఫోన్లో ఏదో వింటూ నవ్వుకుంటోంది. ఆవిడ మెడ దగ్గర చర్మం సన్నగా అదురుతోంది. ఆ అదురు ఎవరికీ కనిపించదు. పద్మాక్షికి అదొక్కటే కనిపిస్తుంది. ముప్పై ఏళ్ళుగా మనుషుల్ని కళ్ళలోకి చూడటం మానేసి మెడల వైపు చూస్తోంది ఆమె.

మైనస్ మూడు.

ఆదివారం సహాయకుడు షఫీ పంపిన ఫలితాల కాగితంలో చివరి వరుస అది. కొమురవ్వ బృందం, దినాల కథ, మైనస్ మూడు. తొమ్మిదేళ్ళలో ఆ పరికరం సున్నా కిందికి దిగింది లేదు. దిగడానికి వీల్లేదు. సున్నా అంటే ఏమీ లేకపోవడం. ఏమీ లేకపోవడం కంటే తక్కువ ఏముంటుంది?

పరికరం అనడానికి అది పెద్ద యంత్రమేం కాదు. మెడకు అంటుకునే మెత్తటి పట్టీ. కథ వినేటప్పుడు మనిషి నోరు మూసుకునే ఉన్నా గొంతు ఊరుకోదు. లోపల్లోపల "ఊ" అంటూనే ఉంటుంది. చిన్నప్పుడు అమ్మ పక్కలో పడుకుని కథ విన్న ప్రతి మనిషికీ ఆ ఊ కండరాల్లో మిగిలిపోతుంది. పైకి వినపడని ఆ ఊని పట్టుకుని లెక్కకట్టే పట్టీని పద్మాక్షి తయారుచేసింది. కాగితాల మీద దాని పేరు శ్రవణ మాపకం. జనం ఊపట్టీ అన్నారు. ఆ పేరే నిలిచింది.

అంతకుముందు నగర కళానిధి సాయం ఎవరికి వెళ్ళాలన్నది ఫోన్లు తేల్చేవి. ఎవరి ఫోను పెద్దదైతే వాళ్ళ బృందానికి సాధన చేసుకునే హాలు, ఏడాది భత్యం. ఆరేళ్ళ కింద పరీక్షల్లోకి ఊపట్టీ వచ్చాక ఫోన్లు ఆగిపోయాయి. ఏటా నగరంలోంచి చీటీలు తీసి నలభైమందిని పిలుస్తారు. ఆటో నడిపేవాళ్ళు, బ్యాంకులో పనిచేసేవాళ్ళు, ఇళ్ళలో వంట చేసేవాళ్ళు, ఎవరైనా కావచ్చు. వాళ్ళ మెడలకు పట్టీలు పెట్టి కూర్చోబెడతారు. బృందాలు ఒక్కొక్కటే వచ్చి ప్రదర్శిస్తాయి. గొంతులు ఎంత చెబితే అంత. సిఫార్సు లేదు, కులం లేదు, బంధుత్వం లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ పద్మాక్షికి వెన్ను నిటారుగా నిలుస్తుంది.

నియమాలు కూడా తనే రాసింది. ఏడో నియమం అన్నిటికంటే ముఖ్యం. వినేవాళ్ళు పైకి శబ్దం చేయకూడదు. నిజం గొంతు వినబడితే ఆ హోరులో లోపలి ఊ కొట్టుకుపోతుంది. ఎవరైనా శబ్దం చేస్తే ఆ పరీక్ష రద్దు. పరికరాల అధికారి, అంటే తనే, కాగితం మీద రెండు ఖాళీలు పూరించి సంతకం చేయాలి. ఎవరి గొంతు? ఎందుకు?

ఆరేళ్ళలో ఆ ఖాళీలు ఒక్కసారీ నిండలేదు. మన జనం నియమం అంటే భయపడతారు.

శనివారం కొమురవ్వ కథ మొదలుపెట్టి నాలుగు మాటలు చెప్పి ఆగింది. చూసింది. ఎదురుగా నలభైమంది, నలభై పట్టీలు, చప్పుడు లేదు.

"ఊ అనుండ్రి" అంది.

పక్కనున్న పర్యవేక్షకుడు "నిశ్శబ్దం" అని రాసిన అట్టముక్క పైకెత్తాడు. డోలు పట్టుకున్న ముసలాయన తాళ్ళు బిగిస్తున్నట్టు నటించాడు. కొమురవ్వ మరికాసేపు చూసి, చీర కొంగు నడుముకు దోపుకుని, చిన్నగా తనే "ఊ" అనుకుని ముందుకు నడిచింది. చివరిదాకా అంతే. నాలుగు మాటలు చెప్పడం, ఆగడం, తన కథకు తనే ఊ కొట్టుకోవడం. అద్దాల గదిలోంచి చూస్తున్న పద్మాక్షి తలదించుకుని పెన్ను మూత తీసి పెట్టింది, తీసి పెట్టింది.

*

"మేడమ్, గుస్సా కావొద్దు" అన్నాడు షఫీ, ఆమె బ్యాగు బల్ల మీద పెట్టకముందే. పట్టీల లోపలి తీగలూ గీతలూ అతని పని. ఏడేళ్ళుగా ఆమెతోనే ఉన్నాడు. అతని మెడకు పట్టీ ఉంది, కాళ్ళు స్టూలు మీద ఉన్నాయి.

"ఏం చేశావ్?"

"నిన్న ఇంట్ల బిర్యానీ తిని, ఇది పెట్టుకుని పండుకున్న. గంటసేపు. ఎంత వచ్చిందో చెప్పుండ్రి."

"సున్నా."

"ఆరు." వేళ్ళు చూపించాడు. "నిద్రకు ఆరు మార్కులు. పోయినేడు ఆ వయొలిన్ పిల్లగానికి ఐదే వచ్చినయి, పాపం."

"కలేదైనా వచ్చిందేమో."

"వచ్చింది. మా ఆవిడ పెరుగు తెమ్మంటున్నది. ఆ కలకు ఆరు ఎక్కువే మేడమ్."

ఆమె నవ్వలేదు. షఫీ కాళ్ళు దించి సరిగ్గా కూర్చున్నాడు. తెర మీద రెండు గీతలు పెట్టాడు. ఒకటి తన నిద్ర. చెరువు మీద గాలి తిరిగినట్టు మెల్లగా కదులుతోంది. రెండోది కొమురవ్వ కథ విన్న నలభైమందిది. అది కదలడం లేదు. స్కేలు పెట్టి గీసినట్టుంది.

"పండుకున్న గొంతు కూడా కొంచెం కదుల్తది. ఇది అంతకంటే తక్కువ. ఎట్లయితది? నేను నా మీదనే చూసుకున్న. ఇట్ల..." గొంతు బిగబట్టి చూపించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏడుపు వచ్చినప్పుడు ఆపుకుంటం చూడుండ్రి, అప్పుడు కదలది. గుంజి కట్టిన తాడు లెక్క అయితది. వీళ్ళు విననోళ్ళు కాదు మేడమ్. ఆపుకున్నోళ్ళు."

ఎక్కడో నీళ్ళ పంపు ఆగిన చప్పుడు. అప్పటిదాకా అది నడుస్తోందని కూడా తెలియదు.

"అంటే మన సున్నా," షఫీ నెమ్మదిగా అన్నాడు, "విశ్రాంతిగా ఉన్న గొంతుది కాదు. ఎవరో గట్టిగ పట్టుకుని కూసున్న గొంతుది. శనివారం జనం వాళ్ళకంటే ఇంకింత గట్టిగ పట్టుకున్నరు. అందుకే మైనస్. ఇన్నేళ్ళు మనం నిద్రపోయేటోడికి ఆరు ఇచ్చినం. ఏడుపు ఆపుకున్నోడికి సున్నా ఇచ్చినం."

ఆమె అప్పుడు బ్యాగు బల్ల మీద పెట్టింది.

"మా గల్లీ వెనక మొహర్రానికి మర్సియాలు, అవే ఏడుపు పాటలు, చదివే బృందం ఉండేది. రెండో ఏడు పరీక్షకొస్తే ఒకటి వచ్చింది. వీళ్ళకు చదవడం రాదనుకున్న నేను. ఇంట్ల మా అమ్మీ వాళ్ళు చదివింది విని రెండు దినాలు అన్నం ముట్టకపోయేది. అయినా నేను పట్టీనే నమ్మిన. అమ్మీని నమ్మలే." పట్టీ ఊడదీసి బల్ల మీద పెట్టాడు. "ఆ బృందం ఇప్పుడు లేదు మేడమ్. పెద్దాయన పోయిండు, కొడుకులు మొబైల్ దుకాణం పెట్టుకున్నరు. ఇంతకూ ఆ సున్నా ఎవరిది? అప్పుడు నేను లేను కదా ఇక్కడ."

"ఎవరో వాలంటీరు."

"పాపం" అన్నాడు షఫీ, తెర వంక చూస్తూ.

ఆ ఒక్క మాట పద్మాక్షికి ఎక్కడో తగిలింది. ఆమెను చూసి అయ్యో అన్నవాళ్ళు ఇన్నేళ్ళలో లేరు. అనే అవకాశం ఆమె ఎవరికీ ఇవ్వలేదు.

*

ఇంటికొచ్చి దీపాల వేళకు బీరువా పై అర తెరిచింది. పాత నోటుపుస్తకాల కింద ఆ పుస్తకం దొరికింది. ఏం రాసి ఉంటుందో తెలుసు. అయినా తన దస్తూరీ చూసేదాకా మనసు ఒప్పుకోలేదు.

"పరీక్షకు వాడిన కథ: క్యాసెట్, నలభై నిమిషాలు. శ్రోత: నేను. శ్రోతలో ఏ స్పందనా లేదు. దీన్నే సున్నాగా తీసుకోవచ్చు."

క్యాసెట్ అమ్మ దినాలది.

ఆమె మంచం మీద కూర్చుంది. అమ్మ రాజవ్వ హన్మకొండలో పురుడు వార్డులో ఆయా. పుట్టిన పిల్లలకు మొదటి స్నానం ఆమె చేతుల మీదే. పుట్టీ పుట్టగానే ఏడవని పిల్లల అరికాళ్ళ మీద వేలుతో కొట్టేది. ఏడిస్తే "ఇగ బతికింది" అనేది. ఇంట్లో కూడా అంతే. పద్మాక్షి మూతి బిగించుకుని కూర్చుంటే అరికాలు మీద చిటిక వేసేది.

ఇరవైఎనిమిదేళ్ళ కింద, అమ్మ పోయిన పదకొండో రోజున మేనమామ కథ చెప్పేవాళ్ళను పిలిపించాడు. దినాల కథ అంటే పురాణం కాదు. పోయిన మనిషి బతుకునే కథగా కట్టి చెబుతారు. ఎక్కడ పుట్టింది, ఎవరి మీద అలిగింది, ఏ పండు కోసం ఏ చెట్టెక్కింది, అన్నీ. పోయిన మనిషికి బాగా దగ్గరివాళ్ళు ముందు కూర్చుని ఊ కొట్టాలి. ఊ పడితేనే కథ కదులుతుంది. ఆ రోజు ముందు కూర్చోబెట్టింది ఇరవైనాలుగేళ్ళ పద్మాక్షిని. ఆమె ఊ అనలేదు. కథ చెప్పే మనిషి ఆగింది. జనం చూశారు. ఎవరో భుజం తట్టారు. చివరికి వెనకనుంచి చిన్నమ్మ "ఊ" అంది. కథ ముందుకు పోయింది. మేనమామ టేపురికార్డరులో అదంతా ఉంది. కథ ఆగిన చోట గోడగడియారం సెకన్ల ముల్లు పదకొండుసార్లు కొట్టుకోవడం కూడా.

తొమ్మిదేళ్ళ కింద పట్టీ తయారైన రోజున వినడానికి ఆ క్యాసెట్టే ఎందుకు తీసింది? పొడుగ్గా, అంతరాయం లేకుండా సాగే కథ ఇంకోటి దగ్గర లేదు, అందుకనే. అలా చెప్పుకుంది అప్పుడు. మనిషి తనకు తాను చెప్పుకునే కారణాలను నమ్మకూడదని విద్యార్థులకు పాఠం చెప్పేది తనే. నలభై నిమిషాలు విని, తనలో ఏమీ కదలలేదని చూసుకుని, ఒకరకంగా గర్వపడి, దాన్ని తీసుకెళ్ళి నగరమంతటికీ సున్నాగా పెట్టింది.

అమ్మ చివరిరోజు సాయంత్రం అడిగింది. "ఏదన్న చెప్పు బిడ్డా. ఊ కొట్టుకుంట పండుకుంట." తెల్లారితే పరీక్ష. "రేపు చెప్తానే" అంది పద్మాక్షి, పుస్తకంలోంచి తలెత్తకుండా.

నోటుపుస్తకం మూసి బీరువాలో పెట్టింది. మళ్ళీ తీసి బ్యాగులో పెట్టుకుంది.

*

నగర కళానిధి కార్యదర్శి సీతాపతి గారికి రిటైర్మెంటు ఇంకా ఏడాది ఉంది. మంగళవారం ఆమె చెప్పిందంతా ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ విన్నారు. సున్నా తప్పు పెట్టామని చెప్పింది. ఎవరి గొంతో చెప్పలేదు.

"మైనస్ సంగతి నాకూ తలనొప్పిగానే ఉందమ్మా" అన్నారు. "కంప్యూటర్లో ఫారం మైనస్ తీసుకోనంటోంది. ఎన్నిసార్లు కొట్టినా ఎర్రగీత వస్తోంది. అందుకని గురువారం ఆ ఒక్క బృందానికీ మళ్ళీ పరీక్ష పెట్టేద్దాం. సున్నా వచ్చినా చాలు, ఎక్కించేస్తాను."

"సున్నా వస్తే వాళ్ళ హాలు పోతుంది."

"పోతుంది. ఆ పక్క వీధిలో హాస్యం చేసే పిల్లలకు ఎనభైరెండు వచ్చింది. వాళ్ళు మాత్రం ఎక్కడ సాధన చేసుకుంటారు చెప్పండి? వాళ్ళదీ కళే."

"కళే. నేను కాదనడం లేదు. కొలత తప్పంటున్నాను."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "వచ్చే ఏడాది నుంచి మెల్లగా సరిచేసుకోండి. ఎవరికీ తెలియక్కర్లేదు. ఇప్పుడే తప్పని ఒప్పుకున్నామనుకోండి, ఆరేళ్ళ జాబితాలూ తిరగదోడతారు. తిరగదోడి ఏం చేస్తారు? పట్టీ వద్దంటారు. తరవాత?" బల్ల మూల చూపించారు. అక్కడ టెలిఫోను ఉండాల్సిన చోట వార్నిష్ రంగు లేతగా, నలుచదరంగా ఉంది. "ఇక్కడ మూడు ఫోన్లుండేవి. మీ పట్టీ వచ్చాకే తీయించాను. తీగ ఇంకా గోడలోనే ఉంది పద్మాక్షి గారూ. మళ్ళీ తగిలించడానికి పది నిమిషాలు పట్టదు."

ఆయన బెదిరించడం లేదు. అదే కష్టంగా ఉంది. బెదిరిస్తే ఎదురు తిరగొచ్చు. మంచి మనిషి, తనకు తెలిసిన నిజాన్ని తను చెప్పాడు. మెట్లు దిగుతూ పద్మాక్షి అనుకుంది: ఆ తీగ సంగతి నిజమే. ఈ సున్నా సంగతీ నిజమే. రెండు నిజాల్లో ఒకదాన్ని మోయడానికి తొమ్మిదేళ్ళుగా తను ఉంది. రెండోదాన్ని మోసినవాళ్ళు వేరే, సున్నాలు వచ్చి హాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు. వాళ్ళకు మొయ్యమని ఎవరు చెప్పారు?

*

బుధవారం మధ్యాహ్నం కవాడిగూడలో ఆ హాలు వెతుక్కుంటూ వెళ్ళింది. కింద నీళ్ళ ట్యాంకరు ఆఫీసు, పైన హాలు. కొమురవ్వ చాప మీద కూర్చుని గజ్జెలు ఒక్కొక్కటీ తుడిచి గుడ్డసంచిలో వేస్తోంది. అరవై దాటిన మనిషి. డోలు వాయించే ముసలాయన ఆమె మరిది సాయిలు, గోడకు ఆనుకుని ఉన్నాడు.

"పట్టీల మేడమా? రా బిడ్డా, కూసో" అంది కొమురవ్వ. "ఇగ మా మెడలకు గూడ కొలతలు దీస్తవా ఏంది?"

"మన మెడలల్ల ఏముంది వదినా, కంఠమాలలే" అన్నాడు సాయిలు.

"నీకు ఎప్పుడు పరాచకమే. లేచి చాయ్ చెప్పిరా."

"ఇద్దరికా, ముగ్గురికా?"

"నీకు లేకపోతె ఊకుంటవా?"

సాయిలు మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళాడు. కొమురవ్వ గజ్జెలు తుడవడం ఆపలేదు. "హాలు ఇడిచిపెట్టాలె గద. సామాను సదురుతున్న. మా అత్త నాడు ఇంట్లనే నేర్పింది. ఇప్పుడు ఇండ్లు ఏడున్నయి, ఒక్క అర్రల ఆరుగురు. ఇంకో ముగ్గురు ఆడపిల్లలు నేర్చుకుంటుండ్రు ఇక్కడ. రేపటి సంది ఎక్కడ నేర్చుకుంటరో."

"రేపు మళ్ళీ పరీక్ష ఉంది కదా."

"ఉన్నది. గని బిడ్డా, మీ ఫారం రాసిన సారు సచ్చినోళ్ళ పేరు దగ్గర 'కల్పితం' అని రాసిండు. కల్పితం అంటే ఎవ్వలు? ఏ ఊరు? ఏం తింటడు? ఎవ్వల మీద అలిగిండు? ఏమెర్క నాకు? ఉత్త పాడె ముంగట ఏడ్వుమన్నట్టుండె."

"మరి శనివారం ఎవరి కథ చెప్పారు?"

కొమురవ్వ చేతిలో గజ్జె ఆగింది. "నా మొగనిది. చెప్పొద్దనే అనుకున్న. ఇంకెవ్వలు యాదికి రాలే." గజ్జెను సంచిలో వేసింది. "ఒక్కలు గూడ ఊ అనలే. నా మొగనికి నేనే ఊ అనుకున్న."

నలభైమంది మాత్రం కదలకుండా ఆపుకున్నారు అని చెప్పాలనుకుంది పద్మాక్షి. మైనస్ మూడు అంటే అదేనని చెప్పాలనుకుంది. ఆ లెక్క ఈ మనిషికి ఏ భాషలో చెప్పాలో తెలియలేదు. వేరేది అడిగింది.

"దినాల్లో ఊ కొట్టాల్సినవాళ్ళు ఊ అనకపోతే ఏమవుతుంది?"

"ఏమైతది. వెనక ఎవ్వలో అంటరు. కథ నడుస్తది."

"అంతేనా?"

కొమురవ్వ ఆమె వంక చూసింది. మెడ వంక కాదు, మొహం వంక. "కథ నడుస్తది గని, ఆ మనిషిది నడువది. ఆడనే నిలవడుతది. ఊ గొంతులనే ఉంటది గద. ఎప్పుడన్న అంటే అప్పుడు నడుస్తది. తొందరేమున్నది, సచ్చినోళ్ళకేమన్న పని ఉన్నదా?"

కింద ట్యాంకరు వెనక్కి తిరుగుతూ కూతపెట్టింది. 

"రేపటికి ఒక పేరు చెప్త" అంది పద్మాక్షి. ఆ "చెప్త" తన నోట్లోంచి వచ్చిందని ఆమెకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. ముప్పై ఏళ్ళయింది ఆ మాట తీరు విడిచిపెట్టి. "రాజవ్వ. మాది హన్మకొండ. పురుడు వార్డుల ఆయా."

"నీకేమైతది?"

"అమ్మ."

కొమురవ్వ అయ్యో అనలేదు. సంచి మూతి కట్టి పక్కన పెట్టి, పనిలో దిగిన మనిషిలా దగ్గరికి జరిగింది. "ఏం తింటుండె?"

"మక్క గట్క. చింతపండు తొక్కు."

"ఎవ్వల మీద అలుగుతుండె?"

"నా మీద. మా మామ మీద. డాక్టరమ్మ మీద కూడా."

"అలిగితె ఏం చేసేది?"

"మాట్లాడకపోయేది. అన్నం మాత్రం పెట్టేది. గిన్నె చప్పుడు చేసుకుంట."

కొమురవ్వ తలూపుతోంది. ఒక్కో మాటనూ ఎక్కడో లోపల కట్టుకుంటోంది. చాయ్ వచ్చింది. సాయిలు గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"పోయే ముంగట ఏమన్నది?"

పద్మాక్షి గ్లాసు అందుకుంది. వేడిగా ఉన్నా వదల్లేదు. కొమురవ్వ కాసేపు చూసి, "ఉండనీ" అంది. "అది నీ దగ్గరనే ఉండనీ."

*

గురువారం పదకొండుకు నలభైమందిలో ముప్పైతొమ్మిది మంది వచ్చారు. ఒకాయనకు ఇంట్లో పెళ్ళిచూపులట. మొదటి వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. సీతాపతి గారు వెనక వరుసలో కూర్చుని చేతిగడియారం చూసుకున్నారు. అద్దాల గదిలో షఫీ తీగలు సరిచూశాడు.

"మేడమ్, నలభై లేకుంటే లెక్క తక్కువైతది" అన్నాడు.

"నేను కూర్చుంటాను."

"మీరా?"

ఆమె బ్యాగులోంచి నోటుపుస్తకం తీసి అతని ముందు పెట్టింది. దేనికని అతను అడిగేలోపే ఒక పట్టీ తీసుకుని బయటికి నడిచింది. మొదటి వరుసలో కూర్చుంది. పట్టీ మెడకు చల్లగా అంటుకుంది. అది పెట్టుకోవడం తొమ్మిదేళ్ళ తర్వాత ఇదే మొదటిసారి.

సాయిలు డోలు మీద మెల్లగా చెయ్యి వేశాడు. కొమురవ్వ చీర కొంగు నడుముకు దోపుకుంది. పట్టీల మేడమ్ ముందు వరుసలో ఉన్నది చూసింది, చూడనట్టే మొదలుపెట్టింది.

హన్మకొండలో ఒక ఇల్లు లేచింది. ఇంటి ముందు జామచెట్టు. అది అసలు ఉండేది కాదు, కానీ కొమురవ్వ చెబుతుంటే ఉంది. గట్క ఉడుకుతున్న వాసన. అలిగిన తల్లి గిన్నెల చప్పుడు. ఆ చప్పుడును కొమురవ్వ గజ్జెలతో చేసింది. వెనక ఎవరో నవ్వబోయి నోరు మూసుకున్నారు. నాలుగు మాటలు చెప్పి ఆమె ఆగేది. హాలు ఆగేది. ఎవరూ శబ్దం చేయరు. అప్పుడు ఆమె తనే చిన్నగా ఊ అనుకుని కదిలేది.

పురుడు వార్డు వచ్చింది. ఏడవని పిల్ల వచ్చింది. రాజవ్వ ఆ పిల్లను తలకిందులుగా పట్టుకుని అరికాలు మీద వేలుతో కొట్టింది. ఒకసారి. రెండోసారి. సాయిలు డోలు మీద ఒక్క వేలే వేశాడు. పద్మాక్షికి తన చెప్పులోపల కుడి అరికాలు తగిలినట్టయింది. పక్కన కూర్చున్న ఆటో ఆయన మెడ కొయ్యలా బిగుసుకుని ఉంది. ఆ పక్కన ఒక ముసలమ్మది. ఆ పక్కన ఇంకొకరిది. అద్దం వెనక తెర మీద గీత ఇప్పుడు ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. కదలదు. సున్నా, లేదా సున్నా కింద.

నువ్వే కదా నేర్పావు వాళ్ళకు, అనిపించింది. అట్టముక్క మీద రాసి మరీ.

"సచ్చే నాడు పొద్దుమీకినంక," కొమురవ్వ గొంతు తగ్గింది, "తల్లి బిడ్డను ఒక మాట అడిగింది. ఏమడిగిందో నాకు ఎర్క లేదు. ఊరికి ఎర్క లేదు. బిడ్డకు ఎర్క."

ఆగింది.

ఈసారి ఆమె తనే ఊ అనుకోలేదు. ఎదురుచూసింది. సాయిలు డోలు మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గోడగడియారం ముల్లు కొట్టుకుంటోంది. పద్మాక్షి లెక్కపెట్టకుండా ఉండలేకపోయింది. నాలుగు, ఐదు. ఊ అంటే పరీక్ష రద్దు. కాగితం మీద రెండు ఖాళీలు. ఎవరి గొంతు, ఎందుకు. మొదటిది రాస్తే రెండోది రాయాలి. రెండోది రాస్తే సున్నా సంగతి రాయాలి, క్యాసెట్ రాయాలి, ఆరేళ్ళ జాబితాలు విప్పాలి. సీతాపతి గారి గోడలో తీగ ఉంది. షఫీ ముందు నోటుపుస్తకం ఉంది. అతనిప్పటికి ఆ పేజీ దగ్గరికి వచ్చి ఉంటాడు. ఎనిమిది, తొమ్మిది. పర్యవేక్షకుడు ఎందుకైనా మంచిదని అట్టముక్క పైకెత్తాడు. కొమురవ్వ అటు చూడలేదు. ఆమెకు తొందరేం లేదు. ఇరవైఎనిమిదేళ్ళుగా ఇక్కడే నిలబడి ఉన్న మనిషిలా ఉంది.

పది.

పద్మాక్షి మెడకున్న పట్టీని రెండు వేళ్ళతో పట్టుకుని ఊడదీసి, ఒళ్ళో పెట్టుకుంది.

"ఊ" అంది.